మా బాబాయి బోర్డు చూసి అందరూ నవ్వారు

మలికిపురం దగ్గర మా బాబాయి వనామీ చెరువు గట్టు మీదున్న కరెంటు బోర్డు ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. పక్కనే కూర్చున్న ఫోర్‌మన్ నా ఫోన్‌లోకి తొంగిచూసి, "మీ ఊళ్ళో వాళ్ళకి బతకాలని లేదా?" అన్నాడు హిందీలో. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు కదా, అందరం ప్యానెల్ రూములోనే ఉన్నాం. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

బోర్డు బాగుందని నేనూ అనను. పాత మెయిన్ స్విచ్, మూడు కిట్‌క్యాట్ ఫ్యూజులు, అందులో ఒకదానికి ఫ్యూజు తీగ బదులు, లోడు ఎక్కువైనా తెగకుండా మెలిపెట్టిన లావు వైరు, వాన పడకుండా పైన మేత సంచి. కానీ అర్ధరాత్రి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలిపోతుందని ఆ ఫోర్‌మన్‌కేం తెలుసు? ఆ లావు వైరు తెలివి లేక వేసింది కాదు, మేత కొట్లో బాకీ గుర్తొచ్చి వేసింది.

ఇక్కడ మాది పంపుల ప్యానెళ్ళ పని. ఉత్త ఆంపియర్లు చూసి ఏదీ కొనరు. ఒకే కాంటాక్టర్ (బటన్ నొక్కితే మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) మీద, లోడు రకాన్ని బట్టి, ఏసీ-1 కింద 25 అనీ, ఏసీ-3 కింద 9 అనీ ఉంటుంది, హీటర్ లాంటి లోడుకి మొదటిది, మామూలు మోటారుకి రెండోది, ఎందుకంటే మోటారు ఎత్తుకునేటప్పుడు ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. మన కొట్లో "25ది ఇవ్వండి" అంటే ఏ అంకె చూసి ఇస్తాడో దేవుడికే తెలియాలి.

పైగా కాంటాక్టర్ ఆఫ్ అయినంత మాత్రాన లైను చచ్చినట్టు కాదు, లోపల కాంటాక్టులు అతుక్కుపోతే బటన్ నొక్కినా కరెంటు అలాగే ఉంటుంది. అందుకే దానికి ముందు లైనుని పూర్తిగా విడగొట్టే చేతి స్విచ్, అంటే ఐసొలేటర్, మోటారుకైతే ఏసీ-23 రాసి ఉన్నది. కాంటాక్టులు నిజంగా విడిపోతే తప్ప దాని హ్యాండిల్‌కి ఆఫ్‌లో తాళం పడదు. పనిచేసేవాడు తన తాళం వేసుకుని చెవి జేబులో పెట్టుకుంటాడు, మేనేజరొచ్చినా ముట్టుకోడు. మొన్న నా తాళం ఉందని, నేను భోజనం చేసి వచ్చేదాకా పంపు ఆపి కూర్చున్నారు. ఆ మర్యాద నాకు కాదు, తాళానికే అనుకోండి, అయినా బాగుంది. కాకపోతే వీళ్ళకి పక్కనే ఇంకో పంపు స్టాండ్‌బైలో ఉంటుంది, బాబాయికి ఏముంది? ఇదంతా ఫోర్‌మన్‌కి చెబుదామంటే నా హిందీ అంత దూరం రాదు.

రాత్రి బాబాయికి లిస్టు పంపాను. తాళం పడే ఐసొలేటర్, ఒక్కో ఏరేటర్‌కి విడిగా బ్రేకరు, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే, అన్నీ దుమ్మూ నీళ్ళూ దూరని ఐపీ65 ప్లాస్టిక్ బాక్సులో, మన ఉప్పుగాలికి ఇనప డబ్బా ఆగదు. ఒక మోటారు పట్టేస్తే అదొక్కటే ట్రిప్ అవుతుంది, మిగతావి తిరుగుతూనే ఉంటాయి, ఇక లావు వైరుతో పనేముంది?

వెంటనే ఫోన్ చేశాడు. "ఏరా, ఈ డబ్బులతో ఇంకో ఏరేటర్ వస్తుంది కదరా. అయినా రాత్రి రెండింటికి తాళం చెవి కోసం ఎవణ్ణి లేపను?"

రిపేరు చేసేటప్పుడే తాళం, మిగతా వేళల్లో ఉండదన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే ముందు ఒక్క చెరువుకి పెడదాం. కొట్టువాడికి నువ్వే ఫోన్‌లో చెప్పు, నాకీ ఏసీల గోల తెలీదు" అన్నాడు.