హోమర్ నురుగు దగ్గరే ఆగిపోయాను

ఆకాశం కుదిరింది. గాలికి ఎగిరే ఏప్రన్ కూడా కుదిరింది. నురుగు మాత్రం ఏడిపిస్తోంది!

నకలు వేస్తున్నది అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ 1883 నాటి నీటిరంగుల చిత్రం ‘ఇన్‌సైడ్ ద బార్’. 1881-82లో ఇంగ్లండ్‌ ఈశాన్య తీరాన కల్లర్‌కోట్స్ అనే జాలరి పల్లెలో గడిపి, అమెరికా తిరిగి వెళ్లాక వేశాడు. ఆయన తెలుపులు చాలావరకు కాగితం తెలుపే. కొన్నిచోట్ల వదిలేశాడు, కొన్నిచోట్ల రంగు ఆరాక గీకి తీశాడు. నా గొడవంతా ఆ గీకుడుతోనే.

నురుగు కోసం నాకు కావలసింది 4 మిల్లీమీటర్ల వెడల్పున ఒక తెల్లని అంచు. వాష్ (నీళ్లు కలిపిన పల్చని రంగు పూత) వేసిన గంటకు బ్లేడు పెడితే కాగితం చిరిగింది. రాత్రంతా ఆరనిచ్చి, బ్లేడును దాదాపు 30 డిగ్రీలు వంచి గీకితే పీచు లేచింది. దాని మీద పల్చని బూడిదరంగు వేయగానే ఆ పీచు నీళ్లు తాగి, తెల్లగా ఉండాల్సిన చోటే అన్నిటికంటే నల్లబడింది. గీకిన చోటును చెంచా వెనుకభాగంతో రుద్దితే కాస్త నయం, అంతే.

మొదట ప్రష్యన్ బ్లూను అనుమానించాను, అది కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కానీ హోమరూ అదే నీలం వాడాడు. పైగా గీకినప్పుడు రంగుతోపాటు కాగితం పొర కూడా పోవాలి కదా. ముసురు వల్ల ఆరలేదేమోనని హెయిర్ డ్రయ్యర్ పెట్టాను, తేడా లేదు. ఇక మిగిలింది కాగితం. ఈ చవక ప్యాడ్ మీద నీటిచుక్క 20 సెకన్లలో ఇంకిపోయింది. ఆర్చెస్ అనే మేలురకం నీటిరంగుల కాగితం పాత ముక్క మీద రెండు నిమిషాలు దాటినా ముత్యంలా నిలిచింది. నీళ్లు వెంటనే ఇంకకుండా ఆపే జెలటిన్ పూతే తేడా అని నా అంచనా. బరువు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) అని అట్ట మీద ఎంత పెద్దగా అచ్చేసినా ఒరిగేదేమీ లేదు. రంగులు చవకవి కొన్నా ఫరవాలేదు, డబ్బు కాగితం మీదే పెట్టాలి.

తెల్లగా ఉంచాల్సిన చోట ముందే పూసి, రంగు ఆరాక ఒలిచేసే మాస్కింగ్ ద్రవం వాడను. దాని అంచు కత్తిరించినట్టు ఉంటుంది, నురుగు అలా ఉండదు.

ఈసారి మిగిలిన ప్యాడ్ కాగితానికి 2 శాతం జెలటిన్ గోరువెచ్చగా పూసి చూస్తాను. అదీ విఫలమైతే ఆర్చెస్ కొనక తప్పదు.

ఆ తర్వాత 1887 నాటి ‘ఫర్ టు బి ఎ ఫార్మర్స్ బాయ్’. అందులో ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపించే ఆకాశం ఒకప్పుడు ఎర్రని సాయంకాలమని, ఆ ఎరుపులు వెలిసిపోయాయని షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధనలో తేలింది. వెలవకముందు ఎలా ఉండేదో ఊహించి వేయాలని ఉంది. అందుకే ఏ ఎరుపు వెలుస్తుందో చూద్దామని మ్యాడర్ (మొక్క వేళ్ల నుంచి వచ్చిన పాత ఎరుపు), క్వినాక్రిడోన్ (ఆధునిక కృత్రిమ ఎరుపు) పట్టీలు పక్కపక్కన వేసి, సగం నల్లకాగితంతో కప్పి దక్షిణపు కిటికీకి అంటించాను. వెలవకుండా నిలిచేది క్వినాక్రిడోనే అని నా పందెం.