టెన్నిస్ కోర్టు దగ్గర రెండు గంటలు

"సార్, టెన్నిస్ కోర్టు దగ్గర పావుగంట చాలదా?" మా జవాన్లని నాగాలాండ్‌లోని కోహిమా యుద్ధభూమి చూపించడానికి తీసుకెళ్లే టూర్ షెడ్యూల్ చూస్తూ అడిగాడు మా హవల్దార్. చాలదు. రెండు గంటలు రాయమన్నాను.

ఇప్పుడక్కడ యుద్ధవీరుల శ్మశానవాటిక. సమాధుల మధ్య ఆ కోర్టు గీతల్ని తెల్లటి కాంక్రీటుతో గుర్తు పెట్టి ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఏప్రిల్‌లో అటు జపాన్ వాళ్లు, ఇటు బ్రిటిష్ వాళ్లతో కలిసి మనవాళ్లు. మధ్యలో ఆ కోర్టే. గ్రెనేడు చేత్తో విసిరితే అందే దూరం!

మా కుర్రాళ్లతో తేదీలు బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. అక్కడే నిలబెట్టి అడగాలి. నీళ్లకి కటకట, గాయపడ్డవాళ్లు ట్రెంచుల్లోనే ఉన్నారు, నీ సెక్షన్‌ని, అంటే నీ కింద ఉన్న పదిమంది జవాన్లని, ఎక్కడ పెడతావ్? వాళ్లు జవాబు చెప్పాకే అసలేం జరిగిందో చెబుతాం.

జపాన్ వైపు కథ మా రేషన్ నాయక్‌తో చెప్పిస్తున్నా. జనరల్ సాటో డివిజన్ మూడు వారాల తిండితో కొండలు దాటి వచ్చింది. ఆ తర్వాత సరుకు అందలేదు. చివరికి పైవాళ్ల అనుమతి లేకుండానే ఆయన వెనక్కి మళ్లాడు. రోజూ బియ్యం లెక్క చూసే మనిషి చెబితే ఆ మాట బుర్రకెక్కుతుంది.

అక్కడి స్మారకం మీద దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లున్నాయి. అవి చదువుకోవడానికి విడిగా టైం పెట్టాను.

వానలు మొదలవకముందే వెళ్లాలి. బస్సుల కోసం రేపే లెటర్ పెడుతున్నా.