ఏడుగురం, పాత వెర్సా, తిరుమల ఘాట్

చెన్నై అంబత్తూరు నుంచి తిరుమలకి ఏడుగురం బయల్దేరాలి. ఇన్నోవా టాక్సీ అడిగితే, కిలోమీటరు రేటు చెప్పాక డ్రైవరు బత్తా వేరు, ఆంధ్రా పర్మిట్ వేరు, కొండెక్కితే హిల్స్ చార్జి వేరు, టోల్ మీదే అన్నాడు. ఆ లెక్క పూర్తయ్యేలోపే ఇంట్లో ఉన్న 2006 నాటి వెర్సా వ్యానుకి గాలి పట్టించేశాం.

మారుతి దీన్ని 2001లో దింపింది. అమితాబ్, అభిషేక్ ఇద్దరూ ప్రకటనలో నటించినా జనం పెద్దగా కొనలేదు. 2010లో దాదాపు అదే డబ్బాకి 1.2 లీటర్ల ఇంజిన్ పెట్టి ఈకో అని అమ్మితే ఊరూరా కనిపించింది. వెర్సాది 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజిన్. అది ముందు సీట్ల కింద ఉంటుంది, లాగేది వెనక చక్రాలు. పొడవు 3675 మిల్లీమీటర్లే, ఇన్నోవా క్రిస్టా కంటే మీటరు పైన తక్కువ. ముక్కు పొట్టిది కాబట్టి లోపల జాగా మాత్రం తగ్గలేదు. వెనక కూర్చున్న అవ్వ కాళ్లు చాపుకుంది.

హైవే మీద ఇది అంత సుఖపెట్టే బండి కాదు. ఎత్తెక్కువ, బరువు తక్కువ. ఎదురుగా బస్సు దూసుకుపోతే గాలికి ఓ పక్కకి జరుగుతుంది, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగులు లేవు, డ్రైవరు మోకాళ్ల ముందు రేకు తప్ప పెద్దగా ఏమీ లేదు. అందుకే ఎనభై దాటించలేదు. తిరువళ్లూరు, పట్టరైపెరుంబుదూర్ టోల్, తిరుత్తణి, నగరి. పుత్తూరులో ఇడ్లీ బాగుంది, కాఫీకి మాత్రం చెన్నై రేటే వేశాడు.

అసలు సంగతి అలిపిరిలో. తనిఖీకి అందరూ దిగాలి, సామాన్లన్నీ స్కానింగుకి పెట్టాలి, మళ్లీ ఎక్కించాలి. పక్కనున్న కార్ల వాళ్లు తలుపు సగం తెరిచి, పక్క బండికి గీత పడుతుందేమోనని నడుము మెలితిప్పుతూ దిగుతున్నారు. మా తలుపు పక్కకి జరుగుతుంది, బయటికి జానెడు కూడా రాదు. నేల కిందికే ఉంటుంది కాబట్టి అవ్వకి పీట అక్కర్లేదు, పట్టీ పట్టుకుని ఒక్క అడుగు వేస్తే లోపలుంది.

అదే తలుపు అక్కడే మొరాయించింది కూడా. ఎడమ తలుపు చివర్లో ఓ అంగుళం ముందు ఆగిపోయి లాక్ పడలేదు. వెనక హారన్లు. ఈ తలుపు మూడు పట్టాల మీద నడుస్తుంది: పైన ఒకటి, గడప దగ్గర ఒకటి, బయట బాడీ మీద ఒకటి. గడప దగ్గరి పట్టాలో ఇసుక చేరి రోలరు, అంటే అందులో దొర్లే చిన్న చక్రం, అరిగితే తలుపు తన బరువుకి కిందికి వాలుతుంది. అప్పుడు కొక్కెం తగలాల్సిన చోట తగలదు. గట్టిగా విసిరితే ఇంకా పాడవుతుంది. హ్యాండిల్ పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తుతూ జరిపితే పడింది. అది తాత్కాలికమే. ఆ పట్టాలో గ్రీజు దట్టించడం చాలామంది చేసే తప్పు, గ్రీజు ఇసుకని పట్టుకుని ముద్ద కడుతుంది. కిరసనాయిలు ముంచిన బ్రష్‌తో కడిగి, ఆరాక అదే గ్రీజు పల్చగా రాయాలి.

ఎక్కేది రెండో ఘాట్, ఇరవై ఎనిమిది నిమిషాలకి తక్కువ కాకూడదని రూలు. రెండు ఏసీలూ ఆపేశాం. పైకప్పులోని వెనక ఏసీ కూడా నడిస్తే ఎత్తులో రెండో గేరు కూడా మూలుగుతుంది. మనుషుల బరువు ఎక్కువగా వెనక ఉండటం ఇక్కడ మేలే, వెనక చక్రాలకి పట్టు దొరుకుతుంది. ఇంజిన్ వేడి మాత్రం సీటు కిందినుంచి తెలుస్తుంది. చూద్దామంటే ముందు కూర్చున్నవాళ్లని లేపి, సీటు ఎత్తాలి. ముందు సీట్లో మామ నిద్రపోతున్నాడు కాబట్టి చూడలేదు.

దర్శనం సంగతి వదిలేస్తున్నా, క్యూ గురించి అందరికీ తెలిసిందే.

దిగేటప్పుడు పాత ఘాట్, నలభై నిమిషాల నియమం. మెలికలు ఎక్కువ. మొదటి మలుపు నుంచే రెండో గేరు, కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకూడదు. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒక్కసారి నొక్కి, వదిలేయాలి. ఆనించి ఉంచితే ప్యాడ్లు కాగి, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మార్చమనేది అందుకే. ముందున్న కారు నుంచి మాడు వాసన వస్తోంది, ఎర్రలైటు ఆరడం లేదు. వాళ్లు పక్కకి ఆపి చక్రాల మీద బాటిల్ నీళ్లు పోయబోతుంటే వద్దని అరిచాం. కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోతుంది, తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టి, అరగంట ఆగితే చాలు.

మర్నాడు రోలరు విప్పి చూస్తే ఓ పక్క చదునుగా అరిగిపోయి ఉంది. చెన్నైలో బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో ‘వెర్సా రోలర్’ అంటే మూడు రకాలు ముందు పెట్టారు. పాతది జేబులో ఉండబట్టి పక్కన పెట్టి పోల్చుకుని తెచ్చాం.