గీత కొట్టిన వాక్యం

2024 అక్టోబరులో ఒక ఆదివారం సాయంత్రం మా భోజనాల బల్ల మీద ఓటరు సమాచార పుస్తకం, రెండు పోస్టల్ బ్యాలెట్లు, ఒక నల్ల పెన్ను ఉన్నాయి. పదిహేడేళ్ల మా అమ్మాయికి ఇంకా ఓటు రాలేదు గానీ, కాలిఫోర్నియాలో ఎన్నికకు పది చొప్పున వచ్చిపడే, ఓటర్లే నేరుగా అవునో కాదో తేల్చే ప్రతిపాదనలను చదివి వినిపించే పని తనే పెట్టుకుంది. మూడవ ప్రతిపాదన దగ్గర తన వేలు ఆగిపోయింది. రాష్ట్ర రాజ్యాంగం నుంచి తొలగించబోయే మాటలను ఆ పుస్తకంలో అడ్డగీత కొట్టి అచ్చు వేస్తారు. స్త్రీ పురుషుల మధ్య జరిగిన వివాహం మాత్రమే ఈ రాష్ట్రంలో చెల్లుతుందనే ఒక్క వాక్యం అక్కడ గీతతో కనబడింది.

"దీన్ని కోర్టులు ఎప్పుడో కొట్టేశాయి కదమ్మా, ఇంకా ఎందుకుంది? అసలు దీన్ని పెట్టిందెవరు?" అని అడిగింది.

పెట్టింది ఓటర్లు. 2008 మే నెలలో రాష్ట్ర సుప్రీంకోర్టు స్వలింగ జంటలకు వివాహ హక్కు ఉందని తీర్పు ఇస్తే, ఆ వేసవిలో సుమారు 18,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి. నవంబరులో 52 శాతానికి పైగా ఓటర్లు, ఆ వాక్యాన్ని రాజ్యాంగంలో చేర్చే ఎనిమిదవ ప్రతిపాదనను గెలిపించి ఆ దారి మూసేశారు. వారిలో నేనూ ఉన్నాను. పౌరసత్వం వచ్చి అప్పటికి ఏడాది తిరగలేదు. పెళ్లంటే మనకు తెలిసినదే కదా అనుకుని, అది ఎవరి ఇంటి గడప దగ్గర ఆగుతుందో ఆలోచించకుండానే 'అవును' అన్న గడి నింపాను. ఆ సంగతి ఆ సాయంత్రమే మొదటిసారి చెప్పాను. తను నా వైపు చూడలేదు. "మరి మన వీధి ఆంటీ వాళ్లు?" అని మాత్రం అంది. నాకు బాబు పుట్టినప్పుడు రెండు వారాలు తనను బడికి తీసుకెళ్లి తీసుకొచ్చింది ఆ ఇద్దరే.

మా వారి వాదన వేరు. ఆ పెళ్లిళ్లకు ఆయన వ్యతిరేకి కారు. కానీ డెబ్బై లక్షల మంది వేసిన ఓటును 2010 ఆగస్టులో ఫెడరల్ జడ్జి వాన్ వాకర్ ఒక్కరే రద్దు చేయడం, 2015లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో స్వలింగ జంటల వివాహ హక్కును దేశమంతటికీ తేల్చేయడం ఆయనకు మింగుడుపడదు. ప్రజలు ఇంకా మాట్లాడుకుంటున్న విషయాన్ని న్యాయస్థానం వారి చేతుల్లోంచి తీసేసుకుందని 2015 తీర్పుతో విభేదించిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాసినదీ దాదాపు ఇదే. ఓడినవారి మనసు మారడానికి తీర్పు అడ్డుపడుతుందన్న భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను.

అయితే ఈ నేల మీద మనవాళ్ల చరిత్ర తెలిశాక ఆ వాదనతో నేను నిలబడలేకపోయాను. 1920లో ఇదే రాష్ట్రపు ఓటర్లు, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమిని కొనడానికే కాదు, కౌలుకు తీసుకోవడానికి కూడా వీల్లేదని చట్టం చేశారు. దాని గురి ముఖ్యంగా జపనీయుల మీద. 1923లో భగత్ సింగ్ థింద్ అనే వలసదారు కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చడంతో ఇంపీరియల్ లోయలో సాగు చేసుకుంటున్న పంజాబీ రైతులూ ఆ చట్టం కిందికి వచ్చారు. దున్నిన భూమిని తెలిసిన అమెరికన్ల పేరిట, ఇక్కడ పుట్టిన పిల్లల పేరిట పెట్టుకోవలసి వచ్చింది. తెల్లజాతి స్త్రీలను పెళ్లాడే దారి కూడా చట్టం మూసి ఉండటంతో వారిలో చాలామంది మెక్సికన్ స్త్రీలను చేసుకున్నారు. జాతుల మధ్య పెళ్లిపై నిషేధాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 1948లో కొట్టివేసింది, భూమి చట్టాన్ని 1952లో కొట్టివేసింది. ఓటర్లు తమ చేత్తో ఆ భూమి చట్టాన్ని రద్దు చేసింది 1956లో, అంటే కోర్టు చెప్పిన నాలుగేళ్లకు.

థింద్ తీర్పు ఇచ్చిందీ కోర్టే కదా అని మా అమ్మాయి వెంటనే పట్టుకుంది. నిజమే, కోర్టులు కూడా తప్పు చేస్తాయి. కానీ కోర్టులో ఎదుటివారు తమ వాదన వినిపించుకోవచ్చు, తీర్పు ఇచ్చినవారు దానికి కారణం రాయాలి. 2008లో నేను గడి నింపినప్పుడు ఎవరూ నన్ను కారణం అడగలేదు. పన్ను ఎంత ఉండాలి, రోడ్డు ఎక్కడ వేయాలి అన్నవాటికి అది సరిపోతుంది. మన వీధి ఆంటీలలో ఒకరు ఆసుపత్రిలో ఉంటే రెండోవారిని భార్యగా గుర్తించాలా అన్నదానికి సరిపోదు. అలాంటి నిషేధాన్ని ఎంతమంది గెలిపించినా కోర్టు కొట్టివేయాలనే ఇప్పుడు నేను నమ్ముతున్నాను. ప్రజల మనసు మారేదాకా ఆగమంటే, ఆగవలసింది ఓటు వేసినవారు కాదు.

మూడవ ప్రతిపాదన ఎందుకు వచ్చిందో కూడా తనకు చెప్పాను. 2022లో గర్భస్రావం హక్కును సుప్రీంకోర్టు వెనక్కి తీసుకున్నప్పుడు, 2015 నాటి వివాహ తీర్పునూ తిరిగి పరిశీలించాలని జస్టిస్ థామస్ రాశారు. అది జరిగితే రాష్ట్ర రాజ్యాంగంలోని ఆ పాత వాక్యానికి మళ్లీ ప్రాణం వస్తుందేమోనన్న భయం చాలామందికి పట్టుకుంది.

"మరి ఇండియాలో?" అంది. అక్కడ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు వివాహ హక్కును గుర్తించకుండా, అది చట్టసభలు తేల్చవలసిన విషయమని చెప్పిందనీ, ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాదులో ఉండే జంటేననీ చెప్పాను. వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారని అడిగితే, ఎదురుచూస్తున్నారని అన్నాను.

బ్యాలెట్ మీద ఆ గడిని ఈసారి నెమ్మదిగా నింపాను. కవరు మీద సంతకం పెట్టి ఇస్తే, తనే తీసుకెళ్లి లైబ్రరీ ముందున్న పెట్టెలో వేసి వచ్చింది. నవంబరులో 62 శాతానికి పైగా ఓటర్లు అదే గడి నింపారని తేలిన రోజు, ఆ మాట చెప్పడానికి తను మొదట వీధి చివరి ఇంటికి వెళ్లింది.