రెండు వేళ్ల మధ్యమం

విజయనగరం మహారాజా సంగీత కళాశాల గురించి రాయాలంటే పెద్ద పేర్లకి లోటు లేదు. 1919లో కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. విద్యార్థిగా చేరదామని వచ్చి ఏకంగా వయొలిన్ ఆచార్యులైన ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు, సుశీల గారు ఇక్కడే చదువుకున్నారు. వాళ్ల గురించి మన పూర్వ విద్యార్థుల ఈ సంచికలో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మా వయొలిన్ మాస్టారి గురించి రాస్తాను. తన పేరు అచ్చులో పడటం ఆయనకి ఇష్టం ఉండేది కాదు, అందుకని ఇక్కడా మాస్టారనే అంటాను. మా బ్యాచ్ వాళ్లకీ, మాకు ముందూ వెనకా చదివినవాళ్లకీ ఎవరో ఇట్టే తెలుస్తుంది.

మేం డిప్లొమాలో ఉండగా, ఒక పెళ్లి కచేరీ నుంచి తిరిగొస్తూ మాస్టారు కారు ప్రమాదంలో పడ్డారు. ప్రాణాపాయం లేదన్నారు. కానీ పగిలిన అద్దం ఎడమ మోచేతి దగ్గర లోతుగా దిగి, అక్కడి అల్నర్ నరం తెగింది. ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ స్పర్శా బలమూ ఎక్కువగా అందించే నరం అది. కుట్లు మానాక ఆ రెండు వేళ్లూ లోపలికి ముడుచుకుని ఉండిపోయాయి. మిగిలిన వేళ్లు వంగుతాయి, కానీ వాటిని ఎడంగా విప్పాలంటే కష్టం. కుడిచేతికి ఏమీ కాలేదు, తీగల మీద కమాను నడిపే చెయ్యి భద్రంగా ఉంది. ఈ మాట చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆయనతో అనేవారు. వయొలిన్ వాయించేవాళ్లకి అది ఓదార్పు కాదని అన్నవాళ్లకి తెలియదు.

వయొలిన్ నేర్చుకోనివాళ్ల కోసం ఇది కాస్త వివరంగా చెప్పాలి. మన పద్ధతిలో తీగలు స, ప, స, ప గా శ్రుతి చేస్తాం. సరళి వరుసల మొదటి పాఠంలోనే వేళ్ల వరుస పడిపోతుంది. స అంటే ఖాళీ తీగ, రి కి చూపుడు వేలు, గ కి మధ్యవేలు, మ కి ఉంగరపు వేలు. ప కి మళ్లీ ఖాళీ తీగ. ద, ని, పై స కూడా అదే వరుసలో వస్తాయి. ఉంగరపు వేలు పోయిందంటే మధ్యమం పోయింది, తారస్థాయి షడ్జమం పోయింది. ఆ రెండూ లేకుండా ఏ రాగం వాయిస్తారు? మూడో కాలంలో, అంటే నాలుగింతల వేగంలో, సరళి వరుస కూడా సాగదు. ముప్ఫై ఏళ్లపాటు పిల్లలకి నేర్పిన మొదటి పాఠమే ఆయనకి రాకుండా పోయింది.

కొన్ని నెలలు ఆయన పెట్టె తెరవలేదు. మేం ఇంటికి వెళ్తే మాస్టారి భార్య, మా పిన్నిగారు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవారు. మాస్టారు నోటితో పాడి పాఠం చెప్పేవారు, తప్పులు దిద్దేవారు. వయొలిన్ మాట మేం ఎత్తేవాళ్లం కాదు.

ఆ రోజుల్లో మా క్లాస్‌మేట్ ఒకడికి వయొలిన్ విద్వాంసులు ఎల్. సుబ్రహ్మణ్యం గారి క్యాసెట్ల పిచ్చి. ఆయనతో కలిసి ఆల్బమ్ చేసిన ఫ్రెంచి వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లి వాయించిన పాత రికార్డింగులు ఎక్కడో సంపాదించి, మాస్టారికి వినిపించాలని తెచ్చాడు. అవి 1934లో పారిస్‌లో మొదలైన ఒక బృందానివి. గ్రాపెల్లి పక్కన గిటార్ వాయించేది జాంగో రైన్‌హార్ట్. మాస్టారు మొదట వయొలిన్ మీదే దృష్టి పెట్టారు. కాసేపటికి, "ఆ గిటార్ ఏంటమ్మా, అలా పరిగెడుతోంది?" అన్నారు. అప్పుడు మావాడు క్యాసెట్ లోపలి కాగితం చదివి చెప్పాడు, ఆ గిటార్ వాయించే చేతికి పూర్తిగా పనిచేసేవి రెండు వేళ్లేనని.

జాంగో 1910లో బెల్జియంలో సంచార రోమా కుటుంబంలో పుట్టాడు. 1928 నవంబరులో ఒక రాత్రి వాళ్ల బండికి నిప్పంటుకుంది. భార్య అమ్మకానికి తయారు చేసిన సెల్యులాయిడ్ పూలు బండి నిండా ఉన్నాయి. సెల్యులాయిడ్ క్షణాల్లో అంటుకునే పదార్థం. అతని కుడి కాలూ ఎడమ చెయ్యీ కాలిపోయాయి. కాలు తీసేయాలన్నారు, ఒప్పుకోలేదు. ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ ముడుచుకుపోయాయి. ఏడాదికి పైగా మంచం మీదే ఉంటూ, తమ్ముడు తెచ్చిచ్చిన గిటార్ మీద చేతిని మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకున్నాడు. స్వరాల పరుగంతా చూపుడు వేలు, మధ్యవేళ్ల మీదే. ముడుచుకున్న వేళ్లని కూడా వదల్లేదు, కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, పట్టేటప్పుడు పై తీగల మీద వాటిని అదిమేవాడు. 1953లో నలభై మూడేళ్లకే చనిపోయాడు. ఈ రోజుకీ గిటార్ వాయించేవాళ్లు ఐదు వేళ్లూ బాగున్న చేత్తో అతని రెండు వేళ్ల పరుగులు సాధన చేస్తున్నారు.

మాస్టారు ఆ క్యాసెట్ ఉంచుకున్నారు. మాకు తెలిసి పదే పదే విన్నారు. ఒకరోజు అన్నారు, "ఇతను తీగ మీద తీగ దాటటం లేదు. ఒకే తీగ పట్టుకుని పైకీ కిందకీ పోతున్నాడు. అది మన పనే కదమ్మా."

ఆ మాటలో ఉన్నది నాకు పూర్తిగా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పాశ్చాత్యుల్లా మనం వయొలిన్‌ని నిలబడి గడ్డం కింద పట్టుకోం. బాసిపట్టు వేసుకుని కూర్చుంటాం, వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది, రెండో కొస ఛాతీ దగ్గర. వాద్యం బరువు ఎడమచెయ్యి మొయ్యక్కర్లేదు. అందుకే ఆ చెయ్యి తీగ పొడుగునా జారగలదు, మన గమకాలు, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికించే తీర్లు, చాలావరకు ఆ జారుడులోనే ఉన్నాయి. తోడి రాగంలో గాంధారానికీ, శంకరాభరణంలో మధ్యమానికీ జారుడు ఎలాగూ కావాలి. వీణలో అయితే మెట్ల మీద నడిచేవి ఎడమచేతి చూపుడు వేలు, మధ్యవేళ్లే. బొబ్బిలి వీణ పుట్టిన ప్రాంతంలో ఉంటూ రెండు వేళ్లతో సంగీతం లేదని ఎలా అంటాం?

మాస్టారు సరళి వరుసల నుంచి మొదలుపెట్టారు. మధ్యమాన్ని మధ్యవేలితోనే గాంధారం మీద నుంచి జార్చి పట్టడం, తారషడ్జమాన్ని నిషాదం నుంచి అలాగే అందుకోవడం. విడిగా నిలబడాల్సిన మధ్యమం మొదట్లో ప్రతిసారీ గాంధారం మరకతో వచ్చేది. ఆ మరక పోవడానికి ఆయన పడ్డ శ్రమ నేను చూశాను. జారే క్షణంలో కమాను ఒత్తిడి తగ్గించి, స్థానం చేరాక నింపేవారు. ఎడమచేతి లోపాన్ని కుడిచెయ్యి దాచేది. వర్ణాలనే సాధన రచనలన్నిటికీ వేళ్లు తిరగరాసి, నోట్‌బుక్కులో స్వరాల కింద 1, 2 అంకెలు వేసుకునేవారు. మూడో అంకె ఎక్కడా ఉండేది కాదు.

పియానో విద్వాంసుడు పాల్ విట్‌గెన్‌స్టైన్ గురించి తర్వాత చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోతే, సంపన్న కుటుంబం కాబట్టి గొప్ప స్వరకర్తల చేత ఎడమచేతికే కృతులు రాయించుకున్నాడు. రవెల్ రాసిన కచేరీ రచన 1932లో వియన్నాలో వాయించాడు. అదీ గొప్పే. కానీ నా మనసు జాంగో వైపే, మాస్టారి వైపే మొగ్గుతుంది. వాళ్ల కోసం ఎవరూ కొత్తగా ఏమీ రాయలేదు. ఉన్న సంగీతంలోనే తమ చేతికి దారి వెతుక్కున్నారు.

మాస్టారు మళ్లీ వేదిక ఎక్కింది త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో, గాత్రానికి సహకారంగా. ప్రమాదం సంగతి మైకులో చెప్పొద్దని నిర్వాహకులకి గట్టిగా చెప్పారు. గాయకుడితో మాత్రం ముందే దాచకుండా మాట్లాడుకున్నారు: "ఆలాపన మీరెంత పాడితే అంత అందుకుంటాను. మూడో కాలం స్వరాలకి నా జవాబు పొట్టిగా ఉంటుంది, ఏమీ అనుకోకండి." ఆ సాయంత్రం కాంభోజి రాగం ఆలాపనలో ఆయన వంతు వచ్చినప్పుడు నేను వేళ్లు చూడటం మానేశాను. టెన్షన్ పడుతూ కూర్చున్న పిన్నిగారు కూడా తలెత్తి విన్నారు. వేగంగా పాడే కొందరు గాయకులకి ఆయన తర్వాత కూడా వాయించలేదు. పిలిస్తే, నా వల్ల కాదు బాబూ అని మర్యాదగా చెప్పేసేవారు. ఏది వదులుకోవాలో అంత స్పష్టంగా తెలిసిన విద్వాంసుణ్ణి నేను మళ్లీ చూడలేదు.

రిటైరయ్యాక కూడా ఇంట్లో పాఠాలు చెప్పారు. వేలికి దెబ్బ తగిలో, నరాల నొప్పితోనో మానేద్దామనుకున్న పిల్లల్ని ఊళ్లోవాళ్లు ఆయన దగ్గరికే పంపేవారు. ఆ అంకెల నోట్‌బుక్కులు పిన్నిగారు నాకు ఇచ్చారు. వాటిని కాపీ తీయించి కళాశాల లైబ్రరీకి అందజేస్తున్నాను. ప్రమాదం తర్వాత ఆయన వాయించిన కచేరీలు చాలావరకు మన పూర్వ విద్యార్థులే టేప్ రికార్డర్ల మీద పట్టుకున్నారు. మీ ఇళ్లలో ఆ క్యాసెట్లు ఉంటే, పాడైపోకముందే సంచిక కమిటీకి పంపండి. కాంభోజి ఉన్న టేపు ఎవరి దగ్గరున్నా ముందు నాకు చెప్పండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.