ష్యూరిటీ ఎవరుంటారు?

క్రిమినల్ ప్రొసీజర్ క్లాసులో ఒకరోజు మాస్టారు పుస్తకం తెరవకుండానే అడిగారు. "మన ఊరి తాపీమేస్త్రి పని కోసం బస్తర్ వెళ్లాడు. అక్కడ దొంగతనం కేసులో పట్టుకున్నారు. బెయిల్ వచ్చింది. వాయిదాలకు వస్తాడని ఎవరో ఒకరు పూచీ పడాలి. ష్యూరిటీ ఎవరుంటారు?"

క్లాసులో ఎవరూ నోరు మెదపలేదు. లైబ్రరీ నుంచి కోర్టు తీర్పులు అచ్చయ్యే ఏ.ఐ.ఆర్. (ఆల్ ఇండియా రిపోర్టర్) 1978 సంపుటం తెప్పించి, సుప్రీంకోర్టు భాగంలో 1594వ పేజీ తీయించారు. మోతీరాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మధ్యప్రదేశ్. తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్.

మోతీరాం కూడా తాపీమేస్త్రే. సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చినా, కింది కోర్టు పది వేల రూపాయలకు పూచీకత్తు అడిగింది. తమ్ముడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. కృష్ణయ్యర్ ష్యూరిటీ లేకుండా, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. ఒక మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, ఆంధ్రుడు బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే ఏం చేయాలని తీర్పులోనే అడిగారు. మాస్టారి ప్రశ్న అక్కడిదే.

ఆ ఇంగ్లీషు మాకు కొరుకుడు పడలేదు. ఇప్పటికీ నాకు ఆ ఒక్క బాధ ఉంది. పేదవాడి కోసం రాసిన తీర్పులు ఇంకాస్త సులువుగా ఉండుంటే తాలూకా కోర్టుల్లో ఇంకా ఎక్కువమంది చదివేవారు. మాస్టారు మాత్రం ఆ రోజు తీర్పు పక్కనపెట్టి, గంట మోగేదాకా కృష్ణయ్యర్ గురించే చెప్పారు.

పాలక్కాడ్ దగ్గర పుట్టిన కృష్ణయ్యర్ మద్రాసులో లా చదివారు. తండ్రి కూడా వకీలే. తలస్సేరి కోర్టులో కార్మికుల తరఫున, కౌలు రైతుల తరఫున వాదించారు. కమ్యూనిస్టులకు సాయం చేశారన్న ఆరోపణ మీద 1948లో దాదాపు నెల రోజులు జైల్లో పెట్టారు. 1952లో ఇండిపెండెంటుగా మద్రాసు శాసనసభకు గెలిచారు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు కాబట్టి మన జిల్లాల సభ్యులు కూడా అదే సభలో కూర్చునేవారు. 1957లో కేరళలో ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు మంత్రివర్గంలో న్యాయం, హోం, నీటిపారుదల లాంటి శాఖలతో పాటు జైళ్లు కూడా ఆయన చేతికే వచ్చాయి. "జైలు గది లోపలి నుంచి చూసినవాడయ్యా" అని మాస్టారు రెండుసార్లు అన్నారు.

1959లో కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేస్తే మళ్లీ నల్లకోటు వేసుకున్నారు. 1968లో కేరళ హైకోర్టు జడ్జి, 1973లో సుప్రీంకోర్టు. ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్న అలహాబాద్ హైకోర్టు తీర్పు మీద 1975 జూన్ 24న ఆమెకు షరతులతో స్టే ఇచ్చింది ఆయనే. ప్రధానిగా కొనసాగవచ్చు, పార్లమెంటులో ఓటు వేయకూడదు. మర్నాడే ఎమర్జెన్సీ. ఆయన పేరెత్తితే అందరూ దీన్నే తలుస్తారు. నాకు మాత్రం మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులు ముందు గుర్తొస్తాయి. 1974లో ఎడిగ అన్నమ్మ కేసులో ఒక పల్లెటూరి స్త్రీకి పడిన ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చారు. ఆమె వయసు, ఆమె బతుకు, చిన్నవాడైన కొడుకు, అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. 1977 చివర్లో గుడికంటి నరసింహులు కేసులో బెయిల్ అనేది జడ్జి మనసుకు తోచినట్టు ఇచ్చేది కాదని చెప్పారు.

నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడాది, ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కుర్రాడు సబ్‌జైల్లో ఉన్నాడని తెలిసింది. బెయిల్ వచ్చి పదకొండు రోజులైంది. ఇద్దరు ష్యూరిటీలు కావాలి, ఈ ఊళ్లో అతనికి ఒక్కరూ తెలియదు. రాత్రంతా టెన్షన్‌తో పిటిషన్ రాశాను. పొద్దున కోర్టులో ఆ పేజీ చదువుతుంటే గొంతు వణికింది. మేజిస్ట్రేటు గారు పూర్తిగా విన్నారు. సాయంత్రానికి సొంత పూచీకత్తు మీద ఆర్డరిచ్చారు.

జైలు గేటు దగ్గర ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు. భాష నాకు అర్థం కాలేదు. రైలు టికెట్ కొనిచ్చి, స్టేషన్ బయట నుంచే మాస్టారికి ఫోన్ చేశాను. విషయమంతా విని, చాలాసేపు ఏమీ అనలేదు.

"పదిహేను వందల తొంభై నాలుగేనా?" అని అడిగారు.

"అదే సార్" అన్నాను.