బాబాయి మాట

పడుకున్నా నిద్ర రావడం లేదు. "స్నానానికి కుర్చీ కొనడమేంది? వరండాలో ప్లాస్టిక్ కుర్చీ లేదా?" అన్నాడు బాబాయి, నాయన వినేటట్టు. అంతే, సాయంత్రం నాయన కొత్త కుర్చీలో కూర్చోనని భీష్మించుకున్నాడు.

బాబాయికి చెబుదామంటే ఫోన్‌లోంచి తలెత్తితేగా. పక్షవాతం వచ్చినప్పటి నుంచి నాయన తనకు తెలీకుండానే ఎడమకు ఒరిగిపోతాడు. తడి టైల్స్ మీద బరువంతా ఒక పక్కకు పడితే ప్లాస్టిక్ కుర్చీ ఆగుతుందా? ఒంగోలులో తెచ్చిన దీనికి వీపు ఆనుకోను ఉంది, రెండు పక్కలా చేతులున్నాయి, కాళ్లకు రబ్బరు బుష్‌లున్నాయి. మా బాత్‌రూమ్ నేల తూము వైపు వాలు కాబట్టి మొదట ఊగింది. బొత్తాం నొక్కి ఆ పక్క కాలు ఒక రంధ్రం కిందికి దించితే కుదురుకుంది. కూర్చుంటే పాదాలు రెండూ పూర్తిగా నేలకానాలి, ఆ ఎత్తుకే పెట్టాను. షాపతను చక్రాలది తీసుకోమని ఒకటే పోరు. బ్రేకు వెయ్యడం ఒక్కపూట మరిచిపోతే? వద్దన్నాను.

నాయన కూర్చుని స్నానం చెయ్యడం నేనెప్పుడు చూశాను గనక. టంగుటూరు దగ్గర పొగాకు వేసినన్నాళ్లూ, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ మండే రోజుల్లో రాత్రంతా కట్టెలు ఎగదోసి తెల్లారి మోటారు కాడికి పోయేవాడు. చేతుల నిండా ఆకు బంక, నల్లగా. సబ్బుకు లొంగేది కాదు, ఇసక పెట్టి రుద్దేవాడు. తువ్వాలు పట్టుకుని నేను గట్టు మీద నిలబడితే "దూరం పోమే, తడుస్తావు" అని నా మీదే నీళ్లు చల్లేవాడు. నిండు బకెట్‌ను ఎత్తి నెత్తిన కుమ్మరించుకుని, కళ్లు మూసుకుని అట్లాగే కాసేపు నిలబడేవాడు.

ఇందాక అమ్మతో నాయనది మొండితనం అన్నాను. ఇది రాస్తుంటే అట్లా అనిపించడం లేదు. మేమిద్దరం పక్కన నిలబడి నీళ్లు పోస్తుంటే ఆయన ముఖం పక్కకు తిప్పుకుంటాడు. కుడిచెయ్యి బాగానే ఉందిగా. రేపు బకెట్ కుడిపక్కన పెట్టి మగ్గు ఆయనకే ఇస్తాను. వీపూ, ఆ కుడిచెయ్యీ మాత్రం అమ్మ రుద్దాలి, ఎడమచెయ్యి అంతవరకూ రాదు. నీళ్ల వేడి ముందు మేము చూస్తాం, ఎడమ పక్క కాలినా ఆయనకు తెలీదు.

లేచేటప్పుడు కుళాయి పట్టుకుంటున్నాడు, అది ఊడొస్తే ఇంకేమన్నా ఉందా! మేస్త్రీని పిలిచి కుడి గోడకు డ్రిల్లు వేయించి స్టీలు రాడ్ బిగించాలి. రబ్బరు కప్పులతో అతికించే రకం నమ్మను.

బాబాయి ఆదివారం మళ్లీ వస్తాడట. నాయన స్నానం అయ్యాకే రమ్మని అమ్మ చేత ఫోన్ చేయించాలి.